వాసన కొంటున్నాం, అందులో ఏముందో చెప్పరేం?

అగరుబత్తికి ఎట్టకేలకు ఒక జాతీయ ప్రమాణం వచ్చింది. 2025 డిసెంబరులో, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు కేంద్ర మంత్రి ప్రహ్లాద్ జోషి దాన్ని విడుదల చేశారు. ఐఎస్ 19412 అని దాని నంబరు. అలెత్రిన్, పెర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, ఫిప్రోనిల్ లాంటి పురుగుమందులు అగరుబత్తిలో ఉండకూడదని అందులో రాశారు. బెంజైల్ సయనైడ్, ఇథైల్ యాక్రిలేట్, డైఫినైల్ అమైన్ లాంటి సింథటిక్ వాసన రసాయనాలనూ వద్దన్నారు. ఆలస్యమైనా మంచి పనే. దేవుడి ముందు వెలిగించే కడ్డీలో పురుగుమందు కలపొద్దని ప్రభుత్వం రాసి మరీ చెప్పాల్సి వచ్చిందంటే, ఇన్నాళ్లూ ఈ వ్యాపారాన్ని అడిగే నాథుడు లేడని అర్థం.

అయితే ఇక్కడితో ఆగిపోతే లాభం లేదు. వద్దన్న పేర్లు కొన్ని తెలిశాయి, సంతోషం. మరి లోపల ఉన్నవాటి పేర్లేవి? అగరుబత్తి దగ్గర మొదలుపెట్టి సబ్బు, షాంపూ, బట్టల పౌడరు, నేల తుడిచే ద్రవం, గదిలో కొట్టే స్ప్రే, పసిపిల్లల పౌడరు దాకా మన ఇంట్లో వాసన వచ్చే ప్రతి వస్తువుకీ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. సింథటిక్ సెంట్లకు దూరంగా ఉండండని డాక్టర్లు చెబుతారు, పత్రికల్లో మాలాంటివాళ్లం రాస్తాం. దూరంగా ఉండాలంటే ముందు అవి ఎక్కడ ఉన్నాయో తెలియాలి కదా. కొనేవాడి కళ్లకు గంతలు కట్టి, జాగ్రత్తగా నడవమని చెప్పడం అన్యాయం. సుగంధం పేరుతో కలిపే ప్రతి రసాయనం పేరూ ప్యాకెట్ మీద ఉండి తీరాలి. అప్పటిదాకా, వీలైనంతవరకు వాసన లేని సరుకే ఇంటికి తెచ్చుకోవాలి. ఈ రెండు మాటలూ నేను గట్టిగానే చెబుతున్నాను.

అగరుబత్తి ఎలా తయారవుతుందో ఒకసారి చూడండి. వెదురు పుల్లకు బొగ్గుపొడి, చెక్కపొడి, జిగట్ అనే జిగురుపొడి కలిపిన ముద్ద పట్టిస్తారు. ఆరిన ఆ నల్లటి కడ్డీకి చెప్పుకోదగ్గ వాసనేమీ ఉండదు. దాన్ని టోకు వ్యాపారులు 'రా బత్తి' అంటారు. మల్లె, గులాబీ, చందనం, మొగలి అన్నీ ఆ తర్వాతే వస్తాయి. ఒక డబ్బాలో సెంటు, దాన్ని పలచన చేసే నూనె కలిపి, కట్టలు కట్టలుగా కడ్డీలను ముంచి తీస్తారు. ఆరబెట్టి ప్యాక్ చేస్తారు. ఆ పలచన చేసే ద్రవంగా మన దేశంలో విరివిగా వాడేది డైఇథైల్ థాలేట్, వ్యాపారం భాషలో డీఈపీ. ఖరీదైన సెంటు కొంచెం, చవకైన డీఈపీ చాలా. కాబట్టి పూజగదిలో కడ్డీ వెలిగించినప్పుడు పువ్వుతో పాటు, ఒక్కోసారి పువ్వు అసలే లేకుండా, ఈ ద్రవమూ కాలుతుంది. చేతులు ముంచి ఈ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లు. మన ఊళ్లలో చాలాచోట్ల ఇళ్ల వరండాల్లోనే చేస్తారు, గ్లవ్స్ కూడా ఉండవు. ప్యాకెట్ మీద మాత్రం దేవుడి బొమ్మ, పువ్వు బొమ్మ, ధర, బరువు, తయారీదారు చిరునామా కనిపిస్తాయి. మన ప్యాకేజింగ్ నిబంధనలు అడిగేవి దాదాపు అంతే. లోపల ఏం కలిపారో రాయమని అడగవు. బిస్కెట్ ప్యాకెట్ మీద మైదా, చక్కెర, పామాయిల్ అని వరసగా రాస్తారు. ఊపిరితిత్తుల్లోకి వెళ్లేదానికి ఆ మాత్రం మర్యాద కూడా లేదు.

సబ్బులు, షాంపూలు, క్రీములకు పదార్థాల జాబితా ఉంటుంది. సీసా తిప్పి చూడండి. ఆక్వా, సోడియం లారెత్ సల్ఫేట్, కోకమిడోప్రొపైల్ బీటైన్, సోడియం క్లోరైడ్ అని ఒక్కో పదార్థం ఒక్కో పేరుతో వస్తుంది. చివర్లో 'పర్ఫ్యూమ్' అని ఒక్క మాట ఉంటుంది. ఉప్పుకు కూడా విడిగా పేరు రాసిన కంపెనీ, ఆ ఒక్క మాట కింద పదుల కొద్దీ, ఒక్కోసారి వందకు పైగా రసాయనాలను సర్దేస్తుంది. అంతర్జాతీయ సుగంధ పరిశ్రమ సంఘం ఇఫ్రా స్వయంగా ప్రకటించిన జాబితాలోనే మూడు వేలకు పైగా పదార్థాలున్నాయి. మీ చేతిలో ఉన్న సీసాలో వాటిలో ఏవి ఉన్నాయో చెప్పేవారు లేరు.

పెద్ద సీసా కొనేవాళ్లకు ఆ ఒక్క మాటైనా దక్కుతుంది. సాచెట్ కొనేవాళ్లకు అదీ లేదు. మన కాస్మెటిక్స్ నిబంధనల్లో పదార్థాల జాబితా గురించి ఒక మినహాయింపు ఉంది. ద్రవాలైతే 60 మిల్లీలీటర్ల కన్నా, గట్టి పదార్థాలూ క్రీములూ అయితే 30 గ్రాముల కన్నా తక్కువ ఉన్న ప్యాకెట్ల మీద ఆ జాబితా వేయనక్కర్లేదు. చోటు చాలదని దీనికి చెప్పే కారణం. ఈ దేశంలో షాంపూ ఎలా అమ్ముడవుతుందో తెలిసినవాళ్లెవరైనా ఈ మినహాయింపు చూసి ఊరుకోగలరా? 1980ల్లో తమిళనాడులోని కడలూరు నుంచి మొదలైన సాచెట్ విప్లవం షాంపూను ప్రతి పల్లెకూ చేర్చింది. కిరాణా కొట్టు ముందు దండల్లా వేలాడే రూపాయి, రెండు రూపాయల ప్యాకెట్లే కూలీ ఇంటి తలంటు. పేదింటి ఆడపిల్ల తలకు ఏం రుద్దుకుంటోందో తెలుసుకునే హక్కు, ప్యాకెట్ చిన్నదన్న కారణంతో చట్టబద్ధంగా పోయింది. అదే సాచెట్ మీద సినిమా తార ఫొటోకు, మూడు భాషల్లో పేరుకు, 'కొత్త సువాసనతో' అన్న ముక్కకు చోటు సరిపోతుంది. ఫోన్‌తో స్కాన్ చేస్తే చాయ్ బిల్లు కట్టే రోజుల్లో, ఆ ప్యాకెట్ మీద ఒక క్యూఆర్ కోడ్‌కు చోటు లేదంటే ఎవరు నమ్ముతారు? ఈ వ్యాసం మొత్తంలో నన్ను ఎక్కువగా కలచివేసే విషయం ఇదే.

లండన్‌లోనో, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉన్న మీ బంధువుల్ని ఇండియన్ స్టోర్‌లో కొన్న అగరుబత్తి ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడమనండి. అక్కడి చట్టం ప్రకారం అలర్జీ కలిగించే రసాయనం ఒక మోతాదు దాటి ఉంటే, 'ఇందులో ఫలానాది ఉంది, అలర్జీ రావచ్చు' అని దాని పేరుతో సహా రాయాలి. మన దగ్గర తయారైన కడ్డీకే అక్కడ హెచ్చరిక స్టిక్కర్ పడుతుంది. ఇక్కడ పడదు. సబ్బులు, క్రీముల విషయంలో యూరోపియన్ యూనియన్ 2005 నుంచే 26 సుగంధ అలర్జీ కారకాల పేర్లను విడివిడిగా రాయిస్తోంది. 2023లో తెచ్చిన సవరణతో ఆ సంఖ్య 80 దాటింది. ఒంటిమీద ఉంచుకునే క్రీముల్లో లక్షకు ఒక వంతు దాటితే చాలు, పేరు రాయాల్సిందే. కడిగేసుకునే సబ్బులకు పదివేలకు ఒక వంతు. ఆ జాబితాలో లినలూల్, లిమోనీన్ లాంటి విడి రసాయనాలే కాదు, మల్లె, గులాబీ, చందనం, నిమ్మగడ్డి నూనెలు కూడా ఉన్నాయి. సహజమైనదైతే చాలు మంచిదని నమ్మే మన హెర్బల్ ప్రచారకులు ఇది గమనించాలి. పువ్వు నుంచి వచ్చినా, పెట్రోలు నుంచి వచ్చినా ఒంటికి పడనివాడికి పడదు. అందుకే ముందు పేరు రాయమనే అడుగుతున్నాను.

ఆ పేరుకు ఇంత విలువెందుకో ఈ పరిశ్రమ చరిత్రే చెబుతుంది. ఏఈటీటీ అని ఒక సింథటిక్ కస్తూరి ఉండేది. 1955లో మార్కెట్లోకి వచ్చింది. సబ్బుల్లో, సెంట్లలో, షేవింగ్ లోషన్లలో రెండు దశాబ్దాలకు పైగా వాడారు. తర్వాత ఎలుకల మీద పరీక్షిస్తే వాటి నరాలు దెబ్బతిన్నాయి, లోపలి అవయవాలు నీలం రంగుకు తిరిగాయి. 1970ల చివర్లో పరిశ్రమే దాన్ని ఉపసంహరించుకుంది. ఇరవై ఏళ్లకు పైగా దాన్ని రుద్దుకున్నవాళ్లలో ఒక్కరికీ దాని పేరు తెలియదు, ఎందుకంటే ఏ సీసా మీదా రాయలేదు. లిల్లీ పువ్వును తలపించే లైరల్ అనే మరో రసాయనం అలర్జీలు తెస్తోందని యూరప్ చర్మవైద్యులు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. అది అక్కడి దుకాణాల్లోంచి పూర్తిగా పోయేసరికి 2021 ఆగస్టు వచ్చింది. లిలియల్ అనేది ఇంకోటి. బట్టల పౌడర్ల నుంచి డియోడరెంట్ల దాకా ఎన్నింటిలోనో వాడారు. సంతాన సామర్థ్యాన్ని దెబ్బతీసే అవకాశం ఉన్న రసాయనాల తరగతిలో చేర్చి, 2022 మార్చి 1 నుంచి సౌందర్య ఉత్పత్తుల్లో దాన్ని నిషేధించారు. మూడు కథల్లోనూ ముందు వాడేశారు, దశాబ్దాల తర్వాత పరీక్షించారు, ఆ తర్వాత చడీచప్పుడు లేకుండా తీసేశారు. యూరప్‌లో లైరల్, లిలియల్‌ల రసాయన నామాలు సీసా మీద ఉన్నాయి కాబట్టి, తెలిసినవాళ్లు నిషేధానికి ముందే మానుకోగలిగారు. పేరు రాయని చోట ఆ అవకాశమే లేదు.

జపాన్ అనుభవం మన ముఖానికి మరీ దగ్గరిది. 1960, 70 దశకాల్లో అక్కడ వేలాది ఆడవాళ్ల ముఖాల మీద గోధుమ, బూడిద రంగు మచ్చలు పరుచుకున్నాయి. దురద పెద్దగా లేదు, ఎండ మచ్చలేమో అనుకున్నారు. దాని మీద కప్పుకోవడానికి మరింత క్రీమ్ రాశారు, మచ్చ ఇంకా ముదిరింది. నకయామా అనే చర్మవైద్యుడూ ఆయన సహచరులూ అనుమానమున్న పదార్థాన్ని చర్మానికి అంటించి చూసే ప్యాచ్ పరీక్షలు ఓపికగా చేసి, కారణం ఆ క్రీముల్లోని రంగులూ సుగంధ పదార్థాలేనని తేల్చారు. 1970ల చివర్లో అక్కడి పెద్ద కంపెనీలు ఆ పదార్థాలను తీసేశాక కొత్త కేసులు బాగా పడిపోయాయి. ఇప్పుడు మన ఇళ్లలో ముఖం మీద నల్లబడితే ఏమంటాం? మంగు అంటాం. కాన్పు తర్వాత వచ్చిందంటాం, వయసంటాం, లివర్ వేడంటాం. ఏదో ఒక ఫెయిర్‌నెస్ క్రీమ్ తెచ్చి రాస్తాం, దానికీ ఘుమఘుమలాడే సెంటు ఉంటుంది. అన్ని మంగులూ సెంటు వల్ల రావు. కానీ కొన్ని వస్తాయని మన చర్మవైద్యులకు తెలుసు, తల రంగు, కుంకుమ, సెంటు మూడింటినీ అనుమానించమని పాఠాల్లోనే చదువుకుంటారు. ప్యాచ్ టెస్ట్‌లో సుగంధ మిశ్రమం పడలేదని తేలితే డాక్టరు రాసే మందు, దాన్ని మానెయ్యమనడమే. రోగి ఇంటికెళ్లి సీసాలు తిప్పి చూస్తే అన్నింటి మీదా ఒకే మాట కనిపిస్తుంది. దేన్ని మానాలి?

మరోవైపు వాదన ఉంది. కెమికల్ అనగానే హడలిపోవడం తప్పు, నీళ్లూ కెమికలే, విషం మోతాదులోనే ఉంటుంది, సబ్బులో సెంటు ఉండేది చాలా కొద్దిగానే, ఇఫ్రా నియమాలున్నాయి, డీఈపీని చాలా దేశాల నియంత్రణ సంస్థలు సురక్షితమనే అన్నాయి, పైగా ఫార్ములా అనేది కంపెనీ ఆస్తి, దాన్ని బయటపెట్టమనడం దోపిడీ అంటారు. మోతాదు గురించి వాళ్లు చెప్పేది శాస్త్రమే, నేనూ ఒప్పుకుంటాను. అందరికీ హాని జరుగుతుందని కూడా నేననడం లేదు. యూరప్ శాస్త్రీయ కమిటీ 2012లో వేసిన అంచనా ప్రకారం సుగంధ పదార్థాల అలర్జీ ఉన్నవాళ్లు అక్కడి జనాభాలో ఒకటి నుంచి మూడు శాతం.

కానీ మోతాదు వాదన చేసేవాళ్లు మోతాదు ఎవరు లెక్కపెడుతున్నారో చెప్పరు. ప్రతి కంపెనీ తన సీసా ఒక్కదాన్నే లెక్కపెడుతుంది. మనిషి మాత్రం పొద్దున్నే సబ్బు, షాంపూ, పౌడరు, డియోడరెంట్ వాడి, ఫ్యాబ్రిక్ కండిషనర్‌లో నానిన చొక్కా వేసుకుని, అగరుబత్తి పొగలో దండం పెట్టుకుని, ఫ్రెషనర్ వేలాడే కారెక్కి ఆఫీసుకు వెళ్తాడు. ఇవన్నీ కలిపి ఎంతో ఆ మనిషికి లెక్క చెప్పేవారెవరూ లేరు. కాలిఫోర్నియాలోని సాలినాస్ అనే వ్యవసాయ పట్టణంలో వంద మంది టీనేజీ అమ్మాయిలతో ఒక అధ్యయనం చేశారు, ఫలితాలు 2016లో వచ్చాయి. వాళ్లు రోజూ వాడే షాంపూలు, లోషన్లు, మేకప్ పక్కన పెట్టించి, థాలేట్లూ (డీఈపీ ఈ కుటుంబానిదే), పారబెన్లూ (సరుకు చెడిపోకుండా కలిపే రసాయనాలు) లేవని లేబుల్ ఉన్నవి మూడు రోజులు ఇచ్చారు. మూడంటే మూడే రోజులు. డీఈపీ ఒంట్లోకి వెళ్తే మూత్రంలో కనబడే ఆనవాలు 27 శాతం తగ్గింది. మానేస్తే తగ్గుతుందని దీన్నిబట్టి తేలిపోయింది. ఇంకో సంగతి గమనించండి, ఆ ప్రయోగం సాధ్యమైంది లేబుల్ చదవగలిగారు కాబట్టి. నేల తుడిచే ద్రవాలతో, అగరుబత్తులతో అలాంటి ప్రయోగం మన దగ్గర చేద్దామన్నా, ఏది తీసి ఏది పెట్టాలో ఎవరు చెబుతారు?

ఇక వ్యాపార రహస్యం. ఈ వాదన విన్నప్పుడల్లా నాకు కోపమొస్తుంది. గ్యాస్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే రెండు పరికరాలు జతగా ఉన్న ల్యాబు ఏదైనా, ఒక చుక్క సెంటును విడగొట్టి అందులో ఏ రసాయనం ఎంత ఉందో చాలావరకు గంటల్లో చెప్పేస్తుంది. హైదరాబాద్‌లోని మందుల కంపెనీల ల్యాబుల్లో ఈ పరికరాలు మామూలు విషయం. ప్రతి సెంటు కంపెనీ పోటీ కంపెనీ సరుకును ఇలాగే పరీక్షించి నకలు తయారుచేసుకుంటుంది, ఆ వ్యాపారంలో అదొక నిత్యకృత్యం. అంటే పోటీదారుకు రహస్యం లేదు. ల్యాబు లేని మనకే రహస్యం. డబ్బిచ్చి కొని, ఒంటికి రాసుకుని, పిల్లల ఒంటికి రాసే మనిషి దగ్గర మాత్రమే దాచిపెడుతున్నారు. పైగా మేం అడుగుతున్నది పేర్లు. పాళ్లు అడగడం లేదు, వంటవిధానం అడగడం లేదు. కాలిఫోర్నియా 2017లో శుభ్రపరిచే ద్రవాలకు, 2020లో సౌందర్య ఉత్పత్తులకు చట్టాలు చేసి, హాని జాబితాల్లో ఉన్న సుగంధ పదార్థాల పేర్లు చెప్పాలంది. అక్కడ ఏ సబ్బు కంపెనీ మూతపడలేదు. మన దుకాణాల్లోనే కొన్ని పెద్ద కంపెనీల సబ్బు రేపర్ల మీద 'పర్ఫ్యూమ్' తర్వాత లినలూల్, లిమోనీన్, బెంజైల్ శాలిసిలేట్ అని చిన్నక్షరాల్లో కనబడుతుంది. రాయాలనుకుంటే రాయగలరనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి.

అసలు ఇంత వాసన మనకెందుకు అలవాటైంది? శుభ్రానికి వాసన ఉండదు. కడిగిన గిన్నెకు వాసన ఉండదు, ఎండలో ఆరిన దుప్పటికి ఉండీ లేనట్టుంటుంది. నేల తుడిచాక గంటసేపు ఘాటు వాసన రాకపోతే తుడవనట్టే అని ఇప్పుడు మనం నమ్ముతున్నాం. ఆ నమ్మకం ప్రకటనలు నేర్పింది. పని చేసే అమ్మాయి శుభ్రంగా తుడిచిందో లేదో ఇంటావిడ ముక్కుతో చూసే పరిస్థితి వచ్చింది. ఆ అమ్మాయి మాత్రం రోజుకు నాలుగిళ్లలో నాలుగు రకాల ఘాటు పీలుస్తుంది. కిటికీలు మూసి ఏసీ వేసుకునే ఫ్లాట్లలో ఇది మరీ ఎక్కువ. నిమ్మ వాసన ఇచ్చే లిమోనీన్ గాలిలోని ఓజోన్‌తో కలిసినప్పుడు ఫార్మాల్డిహైడ్, అతి సూక్ష్మ కణాలు పుడతాయి. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగమే తేల్చింది. అంటే సీసాలో లేని రసాయనం గదిలో తయారవుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు, మైగ్రేన్ ఉన్నవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు, లిఫ్ట్‌లో ఎవరో కొట్టుకున్న స్ప్రే చాలు వాళ్ల రోజంతా పాడవడానికి. 'నీదంతా ఎక్కువ' అని ఇంట్లోవాళ్లే విసుక్కుంటుంటే, రూమ్ ఫ్రెషనర్ మానెయ్యండని అడగడానికి కూడా మొహమాటపడే కోడళ్లు ఎంతమంది ఉన్నారో.

పసిపిల్లల సంగతి వేరే చెప్పాలి. తలంటి పోశాక సాంబ్రాణి ధూపం వేయడం మన ఇళ్లలో ఆచారం. చెట్టు బంక కాల్చిన రోజులు పోయి ఇప్పుడు సాంబ్రాణి కప్పులొచ్చాయి. బొగ్గుపొడి, చెక్కపొడి, సెంటు కలిపి అచ్చుపోసినవి. నిజమైన సాంబ్రాణిదైనా పొగ పొగే, నెలల బిడ్డ ఊపిరితిత్తులకు అది మంచిది కాదు. సింగపూర్‌లో చైనా సంతతి పెద్దల్ని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలు, ఇంట్లో రోజూ ధూపం కాల్చేవాళ్లలో కొన్ని శ్వాసకోశ క్యాన్సర్లు, గుండె జబ్బు మరణాలు ఎక్కువని 2008లో, 2014లో చెప్పాయి. పెద్దలకే ఇలా ఉంటే పిల్లల మాటేమిటి? కలరా ఉండల సంగతి ఇంకా ఘోరం. పెద్ద బిడ్డ గుడ్డలు పెట్టెలో దాచి, వాటిలో నాలుగు కలరా ఉండలు వేసి, రెండో కాన్పుకు అవే తీసి తొడుగుతాం. అవి నాఫ్తలీన్. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న శిశువుకు ఆ గుడ్డలు తొడిగితే ఎర్ర రక్తకణాలు పగిలిపోయి, రక్తహీనత, తీవ్రమైన కామెర్లు వస్తాయి. పిల్లల డాక్టర్లు చదువుకునే పుస్తకాల్లో ఉన్న విషయమిది. ఈ లోపం మగపిల్లల్లో ఎక్కువ, కొన్ని గిరిజన తెగల్లో మరీ ఎక్కువ. యూరప్ 2008లోనే నాఫ్తలీన్ ఉండలను ఆపేసింది. మన కిరాణా కొట్లలో పప్పు పక్కనే అమ్ముతారు, ఆ కవరు మీద శిశువుల గురించి ఒక్క ముక్క రాసినా ఎన్ని కామెర్లు తప్పేవో.

ఇంట్లో చేయగలిగింది లేకపోలేదు. ఒంటిమీద ఎక్కువసేపు ఉండేవాటితో మొదలుపెట్టాలి. ముఖం క్రీము, లోషను, పిల్లల నూనె, పౌడరు, డియోడరెంట్. వీటిలో 'ఫ్రాగ్రెన్స్ ఫ్రీ' అని రాసినవి మందుల షాపుల్లో దొరుకుతాయి. 'అన్‌సెంటెడ్' అన్న మాటను మాత్రం నమ్మకండి, అసలు వాసనను కప్పేందుకు వేరే సెంటు కలిపిన సరుకుకూ ఆ పేరు పెడతారు. తర్వాత బట్టలు. ఫ్యాబ్రిక్ కండిషనర్ మానేస్తే వచ్చే నష్టం ఏమీ లేదు. వారం రోజులు చొక్కాకు వాసన నిలిచేలా చేసేది అందులోని సూక్ష్మమైన ప్లాస్టిక్ గుళికలు, వాటినీ వదిలించుకోవాలని యూరప్ 2023లో గడువు పెట్టింది. గదికి ఫ్రెషనర్ బదులు కిటికీ తెరిస్తే చాలు. అగరుబత్తి తప్పదనుకుంటే తలుపులు తీసి ఒక్కటి చాలు, పసిబిడ్డ, ఆయాసం ఉన్న పెద్దాయన ఉన్న గదిలో వద్దు. నూనె దీపం, పువ్వు చాలని మన పూజలు ఎప్పుడూ కాదనలేదు. తలకు కుంకుడుకాయ, ఒంటికి సున్నిపిండి వీలైనవాళ్లకు బంగారం లాంటివి. పొద్దున్నే ఆరింటికి బస్సెక్కే మనిషికి కుంకుళ్లు కొట్టుకునే తీరిక ఉండదని నాకు తెలుసు, అందుకే ఈ భారం మొత్తం ఇల్లాలి మీద వేసి చేతులు దులుపుకునే సలహాలు నాకు నచ్చవు.

ఎందుకంటే ఇది వంటింటి సమస్య కంటే పెద్దది. ఈ దేశంలో మనిషి చుట్టూ ఉన్న రసాయనం పేరు మనిషికి చెప్పకపోవడం ఒక అలవాటుగా స్థిరపడిపోయింది. 1984 డిసెంబరు రెండో తేదీ రాత్రి భోపాల్‌లో జనం పిట్టల్లా రాలిపోతుంటే, వాళ్లు పీల్చింది ఏమిటో, దానికి విరుగుడేమిటో ఆసుపత్రిలో డాక్టర్లకు చెప్పే దిక్కు లేకపోయింది. ఆ ఘోరం చూసి భయపడిన అమెరికా 1986లో తన ప్రజలకు తెలుసుకునే హక్కు చట్టం చేసుకుంది. ఏ ఫ్యాక్టరీ ఏ విష రసాయనాన్ని ఎంత వదులుతోందో అక్కడ ప్రతి ఏటా బహిరంగంగా ప్రకటిస్తారు, ఎవరైనా చూసుకోవచ్చు. చనిపోయింది మనవాళ్లు, చట్టం వచ్చింది వాళ్లకు. అలాంటి జాతీయ జాబితా మనకు ఈనాటికీ లేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి, ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరిన్ ఆవిరి ఊరి మీద పడింది. 12 మంది ప్రాణాలు పోయాయి. ఫ్యాక్టరీ గోడ పక్కనే ఏళ్ల తరబడి కాపురాలు చేసిన జనంలో చాలామంది స్టైరిన్ అన్న పేరు మొదటిసారి విన్నది ఆ పొద్దున్న టీవీలో. అదే 2020లో కేంద్రం రసాయనాల నిర్వహణ, భద్రత నిబంధనల ముసాయిదా తయారుచేసింది. దేశంలో వాడే రసాయనాలను నమోదు చేయాలని, భద్రత వివరాలు ఇవ్వాలని అందులో ఉంది. ముసాయిదా మీద ముసాయిదా వచ్చిందే తప్ప పని ముందుకు జరగలేదు.

షాంపూ సాచెట్‌నూ స్టైరిన్ ట్యాంకునూ ఒకే గాటన కడుతున్నానని కొందరు అనొచ్చు. ప్రమాదం స్థాయి వేరు, నిజమే. దాచిపెట్టే బుద్ధి మాత్రం ఒకటే. చెబితే జనం భయపడతారు, వ్యాపారం పోతుంది, వాళ్లకు అర్థం కాదు అనే మూడు సాకులూ రెండు చోట్లా ఒకేలా వినపడతాయి. అర్థం కాదన్న మాటను నేను అసలు ఒప్పుకోను. ఆహారం ప్యాకెట్ మీద, కలిపిన రంగులూ రసాయనాలకు గుర్తులైన ఈ-నంబర్లు చూసి పిల్లలకు వద్దనే తల్లులు ఊరూరా ఉన్నారు. మందు చీటీలో పేరు గూగుల్‌లో కొట్టి చూసుకునే కొడుకులున్నారు. వరికి కొట్టే మందు డబ్బా మీద ఎర్ర త్రికోణం అంటే ఏమిటో మన రైతుకు తెలుసు. చెప్పి చూడండి, జనానికి బాగానే అర్థమవుతుంది.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 కొనేవాడికి సరుకు నాణ్యత, స్వచ్ఛత, ప్రమాణం గురించి తెలుసుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కుకు ప్యాకెట్ మీద రూపం ఇవ్వడానికి పార్లమెంటు కొత్త చట్టం చేయనక్కర్లేదు. కాస్మెటిక్స్ నిబంధనల్లో 60 మిల్లీలీటర్ల మినహాయింపును కొట్టేయడం కేంద్ర ఆరోగ్య శాఖ నోటిఫికేషన్‌తో అయిపోయే పని. సుగంధ అలర్జీ కారకాల జాబితాను కూడా అదే నోటిఫికేషన్‌లో చేర్చొచ్చు. ఐఎస్ 19412లో పదార్థాల పేర్లు రాయాలన్న షరతును కలిపి, అలాంటి షరతునే అగరుబత్తి, సాంబ్రాణి కప్పు, నేల తుడిచే ద్రవం, కలరా ఉండ అమ్మే ప్రతివాడికీ తప్పనిసరి చేయడం వినియోగదారుల వ్యవహారాల శాఖ చేతిలో ఉంది. ప్రభుత్వ లెక్క ప్రకారమే అగరుబత్తి పరిశ్రమ విలువ ఏటా సుమారు 8,000 కోట్ల రూపాయలు, 150కి పైగా దేశాలకు ఎగుమతి. ఆ స్థాయి ఉన్న పరిశ్రమకు నాలుగు వరసల అచ్చు బరువు కాదు. సబ్బులు, క్రీముల మీద 80కి పైగా పేర్లు విడిగా రాయాలన్న యూరప్ నిబంధన కొత్త సరుకుకు 2026 జూలై 31 నుంచి, పాత సరుకుకు 2028 జూలై 31 నుంచి వర్తిస్తుంది. అక్కడికి పంపే మన కంపెనీలు ఆ లేబుళ్లు ఎలాగూ తయారుచేయాల్సిందే. అవే లేబుళ్లను ఇక్కడి ప్యాకెట్లకూ వేయమని ఢిల్లీ ఆ రెండు తేదీలనే మన గడువుగా ప్రకటించాలి. తెలుగు రాష్ట్రాల ఎంపీలు ఈ మాట పార్లమెంటులో అడగాలి.